బంగారు రొయ్యలు వేసిన తలుపులు

కావలిలో నాది చిన్న ఫ్లెక్సీ దుకాణం. పెళ్ళి కార్డులు, షాపుల బోర్డులు కూడా చేస్తాం. మా ఆయన ప్రింటింగ్ మిషన్ చూసుకుంటే, నేను కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలను అటూ ఇటూ జరుపుతూ ఇన్నేళ్ళు గడిపాను. ఏఐ వచ్చాక ఆ జరపడం కూడా తగ్గింది. కావలసింది రెండు ముక్కల్లో టైపు చేస్తే చాలు, టీ గ్లాసు అందుకునేలోపు నాలుగు డిజైన్లు తెర మీద ఉంటాయి. మొదటి నెలల్లో నాకు కాస్త గర్వం పెరిగిన మాట నిజం. అవన్నీ నా బుర్రలోంచే వస్తున్నట్టు మాట్లాడేదాన్ని.

ఆ రోజుల్లోనే బోగోలు దగ్గర ఒక రైతు రోడ్డు పక్కన కళ్యాణమండపం కట్టాడు. వరి పండించే మనిషి. పాలరాయి వేయించాడు, షాండ్లియర్లు పెట్టించాడు, అన్నీ అయ్యాక మరుగుదొడ్ల తలుపులకు బోర్డులు లేవని గుర్తొచ్చి నా దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు అని రాస్తే బస్టాండు మాదిరి ఉంటుందని, పెద్ద హోటళ్ళలో మాదిరి ఏదైనా కొత్తగా ఉండాలని అడిగాడు. నేను ఆ మాటలనే ఏఐకి అప్పజెప్పాను. గొప్పగా ఉండాలి, కొత్తగా ఉండాలి, రాతలు ఉండకూడదు.

అది అడిగింది అడిగినట్టే ఇచ్చింది. ముదురు గోధుమరంగు పలక మీద సన్నని బంగారు గీత. ఒక పలక మీద ఆ గీత వంపు తిరిగి కొప్పు పెట్టుకున్న ఆడమనిషి పక్కమొహం అవుతుంది. రెండో పలక మీద తలపాగా చుట్టుకున్న మగమనిషి అవుతుంది. అవుతుంది అంటే, ముందుగా ఎవరైనా చెబితే అవుతుంది. మాకు ముందే తెలుసు కాబట్టి నాకూ, మా ఆయనకూ, ఆ రైతుకూ బ్రహ్మాండంగా కనిపించింది. రెండు తలుపులకూ స్క్రూలు బిగించి, మొదటి పెళ్ళికి నన్ను భోజనానికి పిలిచాడు.

నేను వెళ్ళింది భోజనానికి కాదు, నా బోర్డులను ఫోటో తీసుకోవడానికి. తీసుకున్నాను కూడా. ఆ తర్వాత కాసేపటికి మైకులో పురోహితుడు పెళ్ళికూతురి మేనమామ ఎక్కడున్నా రావాలని పిలవడం మొదలుపెట్టాడు. మేనమామ అంటే బిట్రగుంటలో రైలు గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకురావలసింది ఆయనే. గంప సిద్ధంగా ఉంది, అందులో కూర్చోవలసిన అమ్మాయి సిద్ధంగా ఉంది, ఆయన లేడు. మూడోసారి పిలిచేసరికి పురోహితుడి గొంతులో మర్యాద తగ్గింది. ఆయన ఊరికి వెళ్ళిపోయాడేమోనని ఒకరు, షుగరు మాత్ర కోసం కారు దగ్గరికి వెళ్ళాడని ఒకరు. ఆయన భార్య మాత్రం, ఆయనకి ఇంత జనంలో కనబడకుండా పోవడం కొత్తేమీ కాదని నిదానంగా కూర్చునే ఉంది.

ఆయన ఆడవాళ్ళ మరుగుదొడ్లో ఉన్నాడు.

తర్వాత తెలిసింది ఇది. ఆయన ఆ రెండు గీతలను కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి, మీసం ఉన్నట్టు అనిపించిన తలుపులోకి వెళ్ళాడు. ఆయన లోపలి గదిలో గడియ పెట్టుకోగానే బయట గాజుల చప్పుడు, నవ్వులు. రైతుగారు ఎంతో శ్రద్ధగా ఆడవాళ్ళ వైపు గోడ నిండా అద్దం పెట్టించాడు. ముహూర్తానికి ముందు పెళ్ళిలోని ఆడవాళ్ళంతా చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి అక్కడే చేరారు. ఒకరు వెళితే ఇద్దరు వస్తున్నారు. ఆయన భార్యకి ఫోన్ చేశాడట, మేళాల చప్పుడులో ఆమెకి వినబడలేదు. మైకులో తన పేరు వినబడుతూనే ఉంది.

ఆయన్ని బయటపడేసింది ఆ మండపంలో శుభ్రం చేసే ఆమె. బోగోలు కింద సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరినుంచి వస్తుంది. ఆమె భర్త చేపల వేటకి వెళతాడు. ఒక గది ఎంతకీ తెరుచుకోకపోయేసరికి తలుపు తట్టి, కడుపునొప్పా అమ్మా అని అడిగిందట. లోపలినుంచి సన్నగా, వీలైనంత ఆడగొంతుతో "ఊఁ" అని వచ్చింది. ఆమెకు అనుమానం వచ్చి వంగి చూస్తే తలుపు కింద పెద్దపెద్ద పాదాలు, పట్టుపంచె అంచు. లేచి నిలబడి, బయట గ్రూపు ఫోటో తీస్తున్నారంట అని మామూలుగా చెప్పింది. క్షణంలో అద్దం ముందు ఒక్కరూ లేరు.

ముహూర్తం తప్పలేదు. ఆయన చెమటలు కక్కుతూ గంప మోశాడు. భోజనాలయ్యాక, బోర్డులు చేసింది నేనేనని ఎవరో చెప్పినట్టున్నారు, నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"అమ్మా, నేను సర్వీసంతా పచ్చజెండా, ఎర్రజెండా పట్టుకుని బతికినోణ్ణి. నా జెండా చూసి ఏ డ్రైవరైనా ఇదేం రంగబ్బా అని తల గోక్కుంటే ఏమై ఉండేది?" అన్నాడు.

బోర్డు చాలా అందంగా ఉందని మాత్రం ఆయనే మళ్ళీ అన్నాడు. అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు శుభ్రం చేసే ఆమెని అడిగాను, ఆ బొమ్మలు నీకు ఎలా కనబడుతున్నాయక్కా అని. ఆమె చీపురు పక్కన పెట్టి రెండు తలుపులనూ శ్రద్ధగా చూసింది.

"రెండూ రొయ్యలే గదమ్మా. యేది ఆడదో యేది మొగదో రొయ్యలు ఏరేదాన్ని, నాకే తెలవడంలా. ఆ పెద్దాయనకి ఎట్టా తెలస్తాది?"

ఇక మళ్ళీ చూస్తే నాకూ రొయ్యలే కనిపించాయి. మీసాలతో సహా.

మర్నాడు వాటిని పీకించి, గొప్పతనం జోలికి పోకుండా, ఒక తలుపు మీద ఆడ, రెండో తలుపు మీద మగ అని పెద్ద అక్షరాలతో బోర్డులు చేసి పంపాను. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరని నా నమ్మకం. తర్వాతి పెళ్ళిలోనే రైతుగారు ఫోన్ చేశాడు. ఈసారి వచ్చి మీరే తీర్పు చెప్పండి మేడం అన్నాడు.

వెళ్ళేసరికి మగపెళ్ళివారి తరఫు ఒకాయన ఆడవాళ్ళ మధ్య నిలబడి ధైర్యంగా వాదిస్తున్నాడు. ఆయన తప్పేమీ లేదు. బాత్రూము యాడుండాదని శుభ్రం చేసే ఆమెని అడిగాడు. ఆమె పని చేసుకుంటూ చెయ్యి ఊపి "ఆడ" అంది. మా వైపు ఆడ అంటే అక్కడ. ఆయన వెళ్ళి చూస్తే తలుపు మీద కూడా ఆడ అనే రాసి ఉంది.

"ఆమె ఆడ అనె, బోర్డు కూడా ఆడ అనే అంటా ఉండాది. ఇద్దరూ ఒకటే మాట చెప్పినాక ఇంక నేనేం ఆలోచించాల?" అన్నాడాయన.

ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు కాబట్టి సరిపోయింది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. రోజుకి నూరుసార్లు ఆడ, ఈడ అనే నోటితోనే ఆ బోర్డు చదివి సరిచూశాను. ఏఐని తిట్టుకోవడానికి కూడా లేదు, ఆ రెండక్షరాలూ అచ్చంగా నావే.

అప్పుడు శుభ్రం చేసే ఆమె ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి రెండు తలుపులకి ఎదురుగా వేసింది. "అంగట్లో కూర్చుని గీస్తే ఎట్టా మా? ఒక పూట ఈడ కూర్చో. ఎవరెట్టా పోతారో నీకే తెలస్తాది" అంది.

కూర్చున్నాను. మరుగుదొడ్ల ఎదురుగా నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న ఆడమనిషిని జనం ఏమనుకోవాలో అదే అనుకున్నారు. ఒకామె సబ్బు లేదని నామీద కోప్పడింది. ఒకామె రెండు నిమిషాలు పట్టుకోమని పసిపిల్లని నా ఒళ్ళో పెట్టి పావుగంట రాలేదు. మా దుకాణంలో కార్డులు కొట్టించుకున్న ఒకాయన నన్ను గుర్తుపట్టి, వ్యాపారం బాలేదా మేడం అని జాలిగా అడిగి వెళ్ళాడు.

అయినా ఆ పూటలో నేను తెలుసుకున్నది అన్నేళ్ళలో తెలుసుకోలేదు. అసలు ఆ బోర్డు సగంసేపు ఎవరికీ కనబడదు. తడి ఆరడానికి తలుపు తెరిచి, అది మూసుకోకుండా బకెట్టు అడ్డం పెడతారు. తలుపు తెరిస్తే బోర్డు గోడవైపు తిరిగిపోతుంది. దాని మీద రొయ్య ఉన్నా రాజుగారున్నా ఒకటే. పైగా నేల తడిగా ఉంటుందని అందరూ కిందకి చూస్తూ నడుస్తారు, తలెత్తరు. మగవాళ్ళు ఇంకో మగవాడు బయటికి వచ్చేదాకా అక్కడక్కడే తచ్చాడి, వాడు వచ్చిన తలుపులోకి దూరుతున్నారు. ఆడవాళ్ళు గడప దగ్గర విడిచిన ఆడచెప్పులు చూసుకుని వెళుతున్నారు.

ఇవన్నీ రాసుకొచ్చి మళ్ళీ ఏఐ ముందు కూర్చున్నాను. ఈసారి గొప్పగా అని అడగలేదు. గోడ మీద నేలనుంచి మొదలై మనిషంత ఎత్తు బొమ్మలు కావాలి, పంచె కట్టుకున్న మగమనిషి, చీర కట్టుకున్న ఆడమనిషి, దూరంనుంచి నీడలా కనబడినా తేడా తెలియాలి అని పొడుగ్గా చెప్పాను. మొదట గౌను వేసుకున్న ఆమెని ఇచ్చింది. చెప్పగా చెప్పగా చీర కట్టింది. బాగుందని ఫోన్లో శుభ్రం చేసే ఆమెకి చూపించాను.

"ఈమె పైట కుడిపక్క వేసుకునుండాదే. ఏ ఊరామె?" అంది.

నేను అది గమనించనే లేదు. పైట ఎడమకి మార్చాం, జడ పెట్టాం. రంగులు కూడా ఆమెతో మాట్లాడే నిర్ణయించాం. తలుపుల మీద ఏమీ పెట్టలేదు, బొమ్మలన్నీ తలుపుల పక్కన గోడల మీదికి ఎక్కాయి. అద్దం సంగతి కూడా ఆమే తేల్చింది. లోపలున్న అద్దాన్ని బయట నడవలోకి మార్చమంది. అలంకారాలన్నీ బయటే అయిపోతే లోపల రద్దీ ఉండదని, పొరపాటున ఎవరైనా దూరినా సులువుగా బయటపడతాడని ఆమె లెక్క. రైతుగారు తన గోడ నిండా అద్దం పోతున్నందుకు రెండు రోజులు బాధపడి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఎవరూ దారి తప్పలేదు. కాకపోతే బయటికొచ్చిన అద్దం ముందు ఇప్పుడు మగవాళ్ళు క్రాఫు దువ్వుకుంటూ కదలడం లేదని, ఆడవాళ్ళకి చోటు దొరకడం లేదని కొత్త ఫిర్యాదు వచ్చింది. దానికి నా దగ్గర ఇంకా ఉపాయం లేదు.

మొన్న గూడూరు నుంచి ఒక నిమ్మకాయల వ్యాపారి వచ్చాడు. ఫోన్లో ఏఐతో చేసుకున్న బోర్డు తెచ్చాడు. పచ్చని ఆకుల మధ్య మంచు బిందువులు కారుతున్న నిమ్మకాయలు, చాలా అందంగా ఉంది. ఎక్కడ పెడతారని అడిగాను. లారీ వెనక అన్నాడు. ఆ లారీ ఒకసారి చూడాలన్నాను. బోర్డు చెయ్యడానికి లారీ చూడటమెందుకని ఆయన, రైలెక్కి గూడూరు దాకా పోవడమెందుకని మా ఆయన, ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. టిక్కెట్టు తీసుకున్నాను, గురువారం వెళుతున్నాను.