చాందుబీ కోసం చెప్పిన తౌబా

కోయిలకుంట్ల మసీదులో మౌలాలిసాబు ఇరవయ్యేళ్లు పిల్లలకు హదీసులు చెప్పాడు. ఉర్దూలో అర్థమున్న ఖురాను చేతికొచ్చాక తనంతట తానే రెండేళ్లు చదివి, "అల్లా మాట ఇందులోనే ఉండాది. ప్రవక్త పేరు చెప్పి ఎవురో రాసిన హదీసులు నాకొద్దు" అన్నాడు. ఊరి ముస్లింల జమాతు ఆయన్ను వెలేసింది.

1938 ఎండాకాలంలో భార్య చాందుబీ కలరాతో పోయింది. జనాజా మోయడానికి ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నానికి మౌలాలి అన్న హుసేనప్ప వచ్చి, "తప్పయిందని ఒక్క మాట చెప్పప్పా. ఆ యమ్మ ఏం పాపం చేసింది?" అన్నాడు.

మౌలాలి మసీదు మెట్ల మీద నిలబడి అందరూ వినేలా, తప్పయింది మన్నించమని తౌబా చెప్పాడు. అప్పుడు కదిలారు జనం.

నెల తిరక్కుండానే పిల్లలను మళ్లీ ఆయనకే అప్పగించారు. ఇంట్లో ఖురాను ముందు కూర్చోవడానికి ఆయనకు మొహం చెల్లలేదు. తాను నమ్మని మాటలనే చచ్చేదాకా పిల్లలచేత వల్లె వేయించాడు.