పెర్సిస్ రాసిన రద్దు

పెర్సిస్ ఒకసారి రాసిన పనిని రెండోసారి రాయదు. ఏలూరు పవర్‌పేటలో మేడ మీద రెండు గదులు మా కంపెనీ. ఊళ్ళో వ్యాపారాలకు వెబ్ అప్లికేషన్లు చేసిపెట్టేవాళ్ళం. ప్రోగ్రాములు ఆమె రాసేది, బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నేను పరీక్షించేదాన్ని. ఏ అప్లికేషన్‌లోనైనా బటన్ నొక్కితే జరిగే పనులు దాదాపు ఒకటే: నమోదు, మార్పు, రద్దు, ఎస్సెమ్మెస్. ఒక్కో పనినీ ఒక్కో కమాండ్‌గా విడిగా రాసి అన్నిటినీ ఒకచోట పెట్టింది. కొత్త అప్లికేషన్ మొదలుపెడితే అందులోంచి తీసి వాడుకోవడమే. మా యజమాని భాస్కరరావు గారు దాన్ని లైబ్రరీ అనేవారు. ఆమె పోపుల పెట్టె అనేది.

ఆమెది వట్లూరు. తండ్రి ఆనంద్ పాల్ గారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. "పాటకో హార్మోనియం కొనరు కదండీ గాయత్రి గారూ!" అని నవ్వేది.

రద్దు కమాండ్‌ను మొదట చేపల లారీల కోసం రాసింది. పెదపాడు వైపు చెరువు రైతు ఆ రోజు చేపల పట్టుబడి వద్దని ఫోన్ చేస్తే లారీ, ఐసు, వల లాగే మనుషులు, ఆ ఫోన్ నంబరు మీద ఉన్నవన్నీ ఒకేసారి ఆగాలి. అది చక్కగా పనిచేసింది. అదే కమాండ్‌ను 2007లో ఒక పిల్లల ఆస్పత్రి అప్లికేషన్‌లోనూ వాడింది. ఆ ఆస్పత్రి వ్యాను కొల్లేటి లంకలకు వెళ్ళి టీకాలు వేసేది. ఏ లంకలో ఎంతమంది పిల్లలున్నారో కంప్యూటర్ చెబితే అంతమందికి సరిపడా మందులు ఐసుపెట్టెలో సర్దుకునేవారు.

ఒకరోజు ఆ ఆస్పత్రి నర్సు రాజకుమారి గారు ఫోన్ చేశారు. "ఏవండీ, ఆ లంకలో తల్లులు పొద్దున్నుంచీ గట్టు మీదే నిలబడ్డారంటండీ. మీ కంప్యూటరేమో అక్కడ పిల్లలే లేరంది, వ్యాను వెళ్ళలేదు. పక్క లంకలో తట్టు పోసింది, తెలుసా అండీ?"

నా పాపకు అప్పుడు తొమ్మిదో నెల. తట్టు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చదివి చదివి నిద్ర పోగొట్టుకున్నదాన్ని. పెర్సిస్ అప్పటికే కంప్యూటర్‌లో వెతుకుతోంది. ఆ లంకలో పిల్లలందరికీ ఒకటే నంబరు ఉంది. అది కిరాణా కొట్టు ఫోను. ముందురోజు నాగరత్నం అనే తల్లి తన కొడుక్కి జ్వరమని చెప్పించింది. ఆస్పత్రిలో వాడి పేరు దగ్గర రద్దు నొక్కారు. ఊరి పిల్లలందరి పేర్లూ పోయాయి.

"కమాండ్ తప్పేం లేదండీ. ఫోను ఒక మనిషిదని నేననుకున్నాను. ఊరిదని దానికెలా తెలుస్తుంది?" అంది పెర్సిస్.

భాస్కరరావు గారు కంగారుపడ్డారు. "ఆస్పత్రి పేజీ వరకూ సరిచేసెయ్యమ్మా. లైబ్రరీ జోలికెళ్ళకు. సీజన్లో తేడా వస్తే చేపలవాళ్ళు నన్ను ఐసులో పెడతారు."

"కాలేజీ బస్సులకీ ఇదే వాడామండీ. అక్కడ అక్కచెల్లెళ్ళు ఇంటి నంబరొక్కటే ఇస్తారు. రేపు అక్క మానేస్తే చెల్లెలి సీటూ పోతుంది."

అయితే చేపల పేజీలన్నీ మళ్ళీ పరీక్షించమని ఆయన నాకు చెప్పారు. ఇక మీదట రద్దు చెప్పిన ఒక్కదాన్నే తీసేలా పెర్సిస్ కమాండ్‌ను తిరగరాసి, లంక పిల్లల పేర్లు మళ్ళీ ఎక్కించింది. మిగతావి కూడా ఆగాలంటే ఆ మాట చేపల అప్లికేషనే విడిగా చెప్పాలి. చేపల పేజీల్లో లారీలూ ఐసూ సరిగ్గా ఆగుతున్నాయో లేదో సాయంత్రం దాకా నొక్కి చూశాను.

మర్నాడు వ్యానుతో పాటు పెర్సిస్ కూడా లంకకు వెళ్ళింది. కాసేపటికి కొట్టు ఫోన్ నుంచి ఆఫీసుకు చేసింది. వెనక గోల వినిపిస్తోంది.

"నీ కొడుక్కి జొరమొస్తే మా పిల్లల పేర్లు కొట్టించేస్తావేంటే నాగరత్నం!" ఎవరో ఆడమనిషి గొంతు.

"జొరం లేదొదినా, తగ్గిపోయింది. వేసెయ్యండి నర్సమ్మగారూ" అంటోంది నాగరత్నం.

"ఏం తగ్గిందమ్మా, ఒళ్ళు కాలిపోతుంటే? ఇవాళ వద్దు" అన్నారు రాజకుమారి గారు.

"అలా అనకండి. మావోడిది తీసేస్తే మళ్ళీ అందరివీ పోతాయి. ఇంక ఈ ఊళ్ళో నేనుండలేను."

పెర్సిస్ గొంతు వినిపించింది. "పేర్లు పోయింది మీవల్ల కాదమ్మా. అది నేను రాసిన పద్ధతి." ఆ మాట అందరికీ వినపడేలా రెండోసారి కూడా అంది. తరవాత నాతో, "గాయత్రి గారూ, వీళ్ళబ్బాయిది ఇప్పుడు రద్దు చెయ్యండి. మిగిలిన పేర్లు చదవండి" అంది.

నొక్కాను. పేజీ మళ్ళీ తెరుచుకుంది. పేర్లన్నీ ఉన్నాయి. నేను ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె గట్టిగా పలికింది. పేరు పేరుకీ ఒక తల్లి "ఉన్నాం, ఉన్నాం" అంది. కాసేపటికి మొదటి సూది పడ్డట్టుంది, ఒక పసిగొంతు ఏడుపు అందుకుంది.

"ఇప్పుడు మీవాడికి వచ్చే వారం రాయించనా?" అని నాగరత్నాన్ని అడిగింది పెర్సిస్.

"రాయించండి."

"ఫోన్ నంబరు?"

"మాకింకేం ఉందండీ, ఈ కొట్టుదే."

"అదే వెయ్యండి గాయత్రి గారూ" అంది పెర్సిస్.