హీరో గుంజుకున్న స్కూటర్

డిగ్రీ అయిపోయి ఇంట్లో తింటూ కూర్చున్న ఆ రోజుల్లో మా మేడ్చల్‌లో మంచివాళ్ళకు పెద్దగా గిరాకీ ఉండేది కాదు. తెర మీద ఎవరైనా పొద్దున పదిమందిని నరికి, సాయంత్రం ఒక ముసలమ్మకు అన్నం పెడితే చాలు, దేవుడే. (నరికించుకున్నవాళ్ళ ఇళ్ళలోనూ ముసలమ్మలుంటారని హాల్లో ఎవరికీ తట్టేది కాదు.) మా మేనత్త కొడుకు ఆ సినిమాలు చూసి చూసి గడ్డం పెంచాడు, మాటలు తగ్గించాడు. రెండోదాని వల్ల ఊరికి కొంత మేలే జరిగింది.

అప్పుడే నాకు మొదటి ఇంటర్వ్యూ వచ్చింది, గాజులరామారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. అందుకని నాయిన ఎన్నడూ లేనిది తన స్కూటర్ నా చేతికిచ్చాడు. ఊరు దాటకముందే బావ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దిగు."

"ఇంటర్వ్యూ ఉంది బావా."

"మా తమ్మున్ని కొట్టినోడు శామీర్‌పేట దిక్కు పోతుండు. దిగు బామ్మర్దీ, పరేషాన్ జెయ్యకు."

నేను దిగలేదు. దింపాడు. మట్టిలో కూర్చుని చూస్తుండగా నా నౌకరీ పొగ వదులుతూ శామీర్‌పేట వైపు వెళ్ళిపోయింది. బస్సులు మారి చేరేసరికి ఫ్యాక్టరీ గేటు మూసేశారు.

నేను ఇల్లు చేరాక బావ వచ్చాడు, ఆ కొట్టినవాణ్ణే వెనక ఎక్కించుకుని. చాయ్ తాగి రాజీపడ్డారట.

అత్త కళ్ళొత్తుకుంది. "తమ్ముడంటే పాణం నా కొడుక్కు."

"మొండోడు గని దిల్ మంచిది," అన్నాడు నాయిన, స్కూటర్‌కు పడ్డ సొట్ట తడుముతూనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నా నౌకరీ?"

"నీకేందిరా, సదువుకున్నోనివి. ఇంకోటొస్తది," అంది అత్త.

ఆ ఇంకోటి రావడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ బావతో మాట్లాడలేదు. (మాటలు తగ్గించినవాడు కాబట్టి ఆయన గమనించలేదు.)

ఇప్పటికీ సినిమాలో హీరో దారినపోయేవాడి బండి గుంజుకుంటే హాలంతా ఈలలు వేస్తుంది. నాకు మాత్రం మళ్ళీ మండుతుంది. మొన్న హాల్లో అట్లాంటి సీనే వస్తే మా ఆవిడ చెవిలో అడిగాను, "పాపం, గా బండి పోయినాయన ఏం పనిమీద పోతుండెనో?"

"సప్పుడు జేయకుండ సినిమా సూడు," అంది.

చూశాను. తెర చివర, కెమెరా పట్టించుకోని చోట, మీసాలు సరిగా రాని కుర్రాడొకడు లేచి చొక్కా దులుపుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా. ఈల వేద్దామనుకున్నాను గానీ, నాకు వేయడం రాదు.