తల ఊపిన వామాకు

నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అందరం కలిసి పురుగుమందు కొట్టని ఆకుకూరలు, తులసి, వామాకు పెంచుతున్నాం. ఈ సాయంత్రం కింది ఫ్లాటు పాపకు దగ్గని తల్లి వెంటబెట్టుకుని వచ్చింది. వామాకు తుంచబోయి ఆగాను. వేళ్ళకంటిన ఘాటు వాసన నన్ను ఆత్మకూరులో మా చిన్నప్పటి మిద్దె మీదికి తీసుకుపోయింది.

అక్కడ మా అవ్వ ఉదయగిరి నుంచి తెచ్చిన వామాకు కొమ్మల్ని పగిలిన పెయింటు బకెట్లలో నాటింది. వీధిలో ఎవరికి దగ్గొచ్చినా మా మిద్దెక్కాల్సిందే.

"చెట్టునడక్కుండా కొయ్యబాక," అనేది నాతో.

నేను అడిగి, జవాబు కోసం నిలబడేదాన్ని. ఆకు కదిలితే సరేనన్నట్టు.

ఒకరోజు అవ్వకే దగ్గు పట్టుకుంది. పైకి పోయి అడిగాను. ఎండాకాలపు మునిమాపు, ఊదారంగు ఆకాశం ఊపిరి బిగబట్టినట్టుంది. ఒక్క ఆకూ కదల్లేదు. ఉత్త చేతులతో దిగొచ్చాను.

"అది పలకలా అవ్వా."

అవ్వ దగ్గు ఆపుకుంటూ నా మొహం చూసింది. "అలిసి నిద్రపోయినట్టుండాదిలే. పొద్దున అడుగుదువు."

తెల్లారేదాకా దగ్గుతూనే ఉంది. పొద్దున నన్ను పైకి తీసుకుపోయి చెంబుతో నీళ్ళు చిలకరించింది. ఆకులన్నీ కదిలాయి.

"చూడు, తల ఊపతా ఉండాది. ఇంక కోసుకో."

ఆ సాయంత్రమే తను పైకొచ్చి నాలుగాకులు తుంచుకోగలిగేదే. నా చెట్టు అబద్ధం కాకూడదని రాత్రంతా దగ్గిందని ఇప్పుడనిపిస్తుంది.

నేను చెప్పినట్టు చెట్టునడిగి, పాప ఆకువైపే చూస్తోంది. గాలి లేదు. నేను నీళ్ళ మగ్గు అందుకున్నాను.