చెవితో బానలు మోసినవాడు

ఉషంగి మామ ఇప్పటికి నాలుగు వందల పన్నెండు క్వెవ్రీలను, అంటే వైన్ కోసం నేలలో పాతే మట్టిబానలను, కుడిచెవి మీద మోసి అలజాని నది దాటించాడు. ఒక్కో బాన టన్ను బరువు. లోపల నలుగురు కూర్చుని పేకాడుకోవచ్చు. నమ్మనివాళ్ళు ఆయన చెవులు చూడండి, కుడిది ఎడమదానికన్నా వేలెడు కిందికి దిగి ఉంటుంది.

మోసేది ఆయన పాత జిల్ లారీ అని గిట్టనివాళ్ళు అంటారు. లారీ ఎవరైనా తోలుతారు. కుమ్మరుల ఊళ్ళో ఆవం నుంచి తీసిన బానను టైర్ల మీద, గడ్డి మీద పడుకోబెట్టి, గుంతల దారిలో నది అవతలికి చేర్చడంలో అసలు పని వినడం. ప్రతి ఊళ్ళోనూ ఆయన లారీ ఆపి, దిగి, బాన పొట్ట మీద వేలి కణుపులతో రెండుసార్లు తడతాడు. ఖంగుమని మోత సాగితే బాన బతికి ఉన్నట్టు. మధ్యలో బొంగురుపోతే ఎక్కడో వెంట్రుకంత బీట. అది కంటికి కనబడదు. కానీ పాతిపెట్టి రసం పోశాక చలికాలమంతా ఆ వైన్‌ను మట్టే తాగుతుంది.

ఒక్క గ్లాసు లోపల పడితే ఆ మోత చివర తనకు వినబడదంటాడు. అందుకే తాగడు. మా లోయలో తాగని మనిషి! పెళ్ళికి ముందు ఈ సంగతి దాచారని వాళ్ళావిడ ఇప్పటికీ పుట్టింటివాళ్ళను తిడుతూనే ఉంటుంది.

చిక్కేమిటంటే, తట్టి చూడాలంటే ఆగాలి. ఆగాడంటే ఎవరో ఒకరు జగ్గు పట్టుకుని గేటు దాటి వస్తారు. వాళ్ళకు ఆయన దగ్గర ఒకే మందు ఉంది, మాటలు. గ్లాసు పైకెత్తి ఆ ఇంటి తాతముత్తాతల నుంచి తొట్టెలో పసిపిల్ల దాకా అందరినీ దీవిస్తాడు. వినేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. వాళ్ళు గటగటా తాగేస్తారు, ఆయన గ్లాసు నిండుగానే గోడ మీద ఉండిపోతుంది.

పోయినేడు ద్రాక్ష కోతలకు ముందురోజు మామా నేనూ నది అవతలి లామ్జిరా అత్తకు కొత్త బానను తీసుకెళ్ళాం. ఆమె పాతది చలికి చీలిపోయింది. పెరట్లో గొయ్యి తవ్వి, ఎనిమిదిమంది ఇరుగుపొరుగువాళ్ళను పిలిచిపెట్టుకుంది. మర్నాటి నుంచి ఎవరి తోటలో వాళ్ళు కోతకు దిగుతారు, మూడు వారాలపాటు ఎవరి చెయ్యీ ఖాళీ ఉండదు. బాన ఆ సాయంత్రం గోతిలోకి దిగితేనే ఆమె రసానికి చోటు. లేదంటే పండంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర దించి, ఏడాదంతా కొన్న వైన్ తాగాలి. మా దగ్గర అంతకన్నా అవమానం లేదు.

నాలుగు ఊళ్ళు మాటలతో దాటాం. దారికి రెండువైపులా ద్రాక్షతోటలు బరువుకు వంగి ఉన్నాయి, ఎదురుగా కాకసస్ కొండల నెత్తిన అప్పటికే కొత్త మంచు. వంతెనకు ముందున్న ఊళ్ళో మామ దిగి తట్టబోతుంటే నల్లచొక్కా మనిషి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. పేరు గురాం. అతని అన్న జుంబెర్ ఇరవై ఏళ్ళు మామ లారీలోనే బానలకు తాళ్ళు కట్టాడు. ఆ రోజు జుంబెర్ ఏడాది కార్యమని మాకు తెలియకపోవడమేమిటి! తెలిసే మామ ఆ ఊరు త్వరగా దాటేద్దామనుకున్నాడు.

"మా ఇంటి ముందు నుంచే దొంగలా పోతున్నావేం, ఉషంగి బావా?"

"నాకోసం అవతల మనుషులు కాచుక్కూర్చున్నారురా. రేపు వస్తాను."

"రేపు మా అన్న చచ్చిపోయి ఏడాది అవ్వదు. దిగు!"

బల్లల దగ్గర నలభైమంది దాకా ఉన్నారు. గురాం తాగే కొమ్ము నిండా వైన్ పోసి మామ చేతిలో పెట్టాడు. "నీ కబుర్లన్నీ నాకు తెలుసు. ఇవాళ మాటలొద్దు. తాగు."

"తాగితే వినబడదురా."

"మా అన్నకన్నా ఆ కుండే ఎక్కువా నీకు?"

చనిపోయినవాళ్ళ పేర ఎత్తిన కొమ్మును కాదంటే మా దగ్గర తరాలపాటు మాటలుండవు. నేను మామ పక్కకు జరిగి, "ఒక్కసారికి తాగెయ్ మామా, మిగిలిన దారి నేను వింటాను" అన్నాను.

"నువ్వా? బళ్ళో గంట కొడితేనే వినబడక మానేసినవాడివి. పక్కకుండు."

పొద్దు కొండవైపు వాలుతోంది. మామ జుంబెర్ వాటాగా అతని ఫొటో ముందున్న రొట్టె మీద చుక్క మిగలకుండా కొమ్మంతా వంపేశాడు. అందరూ చూస్తుండగా లారీ దగ్గరికి వెళ్ళి బానను తట్టాడు. మోత లేచి, తోటల మీదుగా నది వైపు సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది.

"ఈ తట్టే పద్ధతి వాడిదే" అన్నాడు మామ. "నాకు నేర్పింది మీ అన్నే. ఒట్టి కడుపుతో వినాలన్నాడు. వాడి మాట వాడి కార్యం నాడే తప్పమంటావా?"

గురాం దారిలోంచి తప్పుకున్నాడు.

మేం చేరేసరికి ఎనిమిదిమందిలో ముగ్గురే మిగిలారు. మిగతావాళ్ళు రేపటి బుట్టలు సర్దుకోవాలని వెళ్ళిపోయారట. లామ్జిరా అత్త గోతి అంచున కూర్చుని ఉంది. "వెనక్కి తీసుకుపో, ఉషంగీ. ముగ్గురితో ఏం దింపుతావు?" అంది. మామ టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

అప్పుడు వంతెన వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. దాని తొట్టెలో కార్యానికి వేసుకున్న నల్లచొక్కాలతోనే పదకొండుమంది. గురాం దిగి తమ ఇంట్లోంచి తెచ్చిన తాడు బాన మెడకు చుట్టాడు. చీకటి పడకముందే బాన గోతిలోకి దిగింది. లామ్జిరా అత్త వంగి తట్టింది. మోగింది.

ఆ కథ ఆ వారమంతా కోతల్లో నేనే చెప్పాను. మామ తట్టిన మోత విని జుంబెర్ సమాధిలోంచి లేచి వచ్చాడనీ, ఒంటిచేత్తో బాన దింపి, ఒక గ్లాసు పుచ్చుకుని వెళ్ళాడనీ. ఆడవాళ్ళు శిలువ గీసుకున్నారు. మామ పక్క వరసలో గుత్తులు కోస్తూ తల ఎత్తకుండానే అన్నాడు:

"జుంబెర్ ఎక్కడొచ్చాడు? గురాం వచ్చాడు. గట్టి తాడు వాళ్ళింట్లో ఉంది."