సమ్మన్న బిళ్ళల బోర్డు

కొంచెం ఇటు జరిగి కూర్చోండి, చాప పెద్దదే. కానీ ఈ ముచ్చట గట్టిగా చెప్పేది కాదు, దగ్గరుండి వినాలి. ఇప్పుడే మా గల్లీ చివర చాయ్ హోటలాయన బొగ్గు పొయ్యి రాజేశాడు. ఆ పచ్చి పొగ ముక్కుకు తగిలితే చాలు, యాభై దాటిన నేను గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టరు ముందు కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను.

సాయంత్రమైతే ప్రతి వాకిట్లో ఒక పొయ్యి పొగిలేది, దండెం మీది బట్టలు ఆరేలోపే నల్లబడేవి; ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వెంట బిందెలతో ఉరికేవాళ్లం, చిర్రగోనె ఆడి మోకాళ్లు చెక్కుకునేవాళ్లం, బతుకమ్మ పండుగకు మలీద ముద్దలు వేళ్లకు అంటిన నెయ్యితో సహా నాకేవాళ్లం. బొగ్గు గనిని మేమెవరం గని అనలేదు, బాయి అన్నాం. నీళ్లు తోడేదీ బాయే, మా నాన్న మల్లయ్య, మా బాపు, దిగేదీ బాయే. ఒకదాంట్లోంచి నీళ్లు రావాలి, ఇంకోదాంట్లోంచి బాపు రావాలి.

మా అన్న సమ్మయ్యది ఎనిమిదో తరగతి. అందరూ నూనె పెట్టి తల దువ్వుకుని బడికి పోతే, అన్న బాపు పాత ఇనుప టోపీ పెట్టుకుని పోయేవాడు. ఎందుకురా అంటే, పెంకుటి బడి కదా, కప్పు కూలితే ఎట్లా అనేవాడు.

బాయి దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తారు. దిగేటప్పుడు దీపాల గదిలో బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకోవాలి, ఎక్కాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఇచ్చిన బిళ్ళను బోర్డు మేకుకు తగిలిస్తారు; అది అక్కడే మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలున్నట్టు. అన్న సోడా మూతలు రాయితో చదును చేసి, నంబర్లు కొట్టి, తరగతి తలుపు పక్కన అలాంటి బోర్డే పెట్టాడు. మొదటి మూత లెక్కల సారుది. ఒకరోజు సారు అది తీసుకోవడం మరిచి సైకిలెక్కితే, అన్న వెనకాలే ఉరికాడు.

"సార్, మీరింక బాయిలనే ఉన్నరు!"

"ఇంటికి వోతున్న గదరా, కండ్లు కనవడ్తలేవా?"

"మిమ్ముల జూస్తే ఏమొస్తది సార్, బోర్డే లెక్క!"

సారు తిట్టుకుంటూనే వెనక్కి వచ్చి మూత తీసుకున్నాడు. బడి బడంతా పడీ పడీ నవ్వింది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు సాయంత్రం అన్న బాపు అంగీ జేబులోంచి అసలు బిళ్ళ తీశాడు. ఆ అంకెలు ఎంత సొంపుగా ఉన్నాయో చూసి అలాగే చెక్కాలని. చెక్కడం అయ్యాక నిక్కరు జేబులో వేసుకున్నాడు, తిరిగి పెట్టడం మరిచాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. తెల్లారి బాపు దీపాల గదిలో జేబులు తడుముకుంటే, అక్కడ దీపాలిచ్చే ముసలి కాక "పండుగ పూట మస్టరు, కూలి వోగొట్టుకుంటవా? దిగు మల్లన్నా, రేపు తెచ్చియ్యి" అని దీపం చేతికిచ్చాడట. ఆ కాక ఈ సంగతి ఎవరికీ చెప్పకుండానే, సైరన్ మోగకముందే పండుగకని ఊరికి వెళ్లిపోయాడు.

మా అవ్వ, అంటే మా అమ్మ, పసుపు గౌరమ్మను చేస్తుంటే వేళ కాని వేళ సైరన్ మోగింది. పసుపు చేతులతోనే అవ్వ ఉరికింది, వెనక మేమిద్దరం. గేటు దగ్గర గుమాస్తా అరుస్తున్నాడు.

"కప్పు కూలింది గానీ, అందరెక్కిండ్రు. బోర్డు ఖాళీ. ఫికర్ జెయ్యకుండ్రి!"

బాపుతో దిగినవాళ్లు కూడా ఆయన ముందే ఎక్కాడనుకున్నారు. ఆడవాళ్లు ఏడుపూ నవ్వూ కలిపి ఊపిరి పీల్చుకున్నారు. పక్కింటి ఆమె అవ్వను ఎగతాళి చేసింది. "నీ మొగడు కల్లు మండువల ఉంటడు సూడు వదినె!" అవ్వ కూడా నవ్వింది.

అన్న నవ్వలేదు. కుడిచెయ్యి జేబులో బిగించుకుని నిలబడ్డాడు. ఆ పిడికిట్లో ఏముందో నాకు తెలుసు. చెప్తే బాపు బెల్టు తీస్తాడన్న భయం ఇద్దరికీ. బాపు ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని రోడ్డు వైపే చూస్తూ ఒక గంట నిలబడ్డాం. జనం పలచబడ్డారు. ఇంటికి పోదాం పదండని అవ్వ అన్నప్పుడు అన్న నేల మీద కూలబడి పిడికిలి విప్పాడు.

"అవ్వా, బాపు లోపల్నే ఉన్నడు. బిళ్ళ నా తాన్నే ఉన్నది."

పొద్దు గూకే వేళకు బాపును పైకి తెచ్చారు. ప్రాణం ఉంది. నడుము కింద ఏమీ మిగల్లేదు. బొగ్గు గోడను గీకి గీకి పిలిచినట్టున్నాడు, కుడిచేతి గోళ్లు అరిగిపోయి ఉన్నాయి. మా వరుసలో ఆ రోజు ఎవరూ బతుకమ్మను ఎత్తలేదు.

దవాఖానలో బిళ్ళ సంగతి అడగడానికి ఆఫీసు వాళ్లు వచ్చారు. అన్న గోడకు అతుక్కుపోయాడు. బాపు వాళ్లను చూడలేదు, అన్ననే చూస్తూ అన్నాడు.

"బిళ్ళ నేనే ఇంట్ల మర్శిన. పోరని జోలికి పోకుండ్రి. వాడు జెప్పినందుకే నేను ఎలుగు సూశిన."

మూడో రోజు బాపు పోయాడు. పెద్దయ్యాక ఆ కొలువే అన్నకు వచ్చింది, అదే బాయిలో ముప్పై ఏళ్లు దిగాడు. అంత నవ్వించిన మనిషి నోట మళ్లీ ఒక్క ఎకసెక్కం ఎవరూ వినలేదు.

ఇప్పుడు ఆ బాయి మూసేశారు. క్వార్టర్లు కూలి, ఆ చోట తుమ్మ చెట్లు లేచాయి. సైరన్ వింటే పసుపు చేతులతో ఉరికే ఆడవాళ్లు లేరు, అవ్వ లేదు. అన్న రెండు గల్లీల అవతలే ఉంటాడు, రోజూ వస్తాడు, చాయ్ తాగుతాడు. ఆ గంట గురించి మాత్రం మా ఇద్దరి మధ్య ఈనాటికీ మాట లేదు.

వెళ్లిరండి మరి. మీ ఇంట్లోంచి పనికి పోయినవాళ్లు నడిచి వెళ్లిన కాళ్లతోనే తిరిగి రావాలి. మీ పిల్లలు తప్పు చేసిన మరుక్షణమే మీ దగ్గరకు ఉరికివచ్చి చెప్పుకునేంత చల్లగా ఉండాలి మీ ఇల్లు.