అక్కగారి అమ్మకు ఎనిమిది బాన్ కాన్‌లు

సెప్టెంబరు 21, శనివారం. ప్లేనో, టెక్సాస్. హాజరు: పక్కింటి అక్కగారు, ఆమె కొడుకు, కోడలు, నా భార్య, నేను. సాయంత్రం అయిదు నుంచి వాళ్ల బంధువులు పద్నాలుగు మంది. ఎండ, తొంభై నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్. దక్షిణపు గాలి.

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నా డైరీలో ప్రతి పుట ఇలాగే మొదలవుతుంది: తేదీ, ఎవరెవరు ఉన్నారు, వాతావరణం. నీటి సరఫరా విభాగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి వాతావరణం రాయకపోతే పుట నిండినట్టు ఉండదు. ఆ శనివారం గురించి మాత్రం నాలుగు పుటలు రాశాను. వాటిని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

అక్కగారంటే మా కంచెకు అవతలి ఇంట్లో ఉండే వియత్నాం ఆవిడ. నాకంటే ఆరేళ్లు పెద్ద. నన్ను పేరుతో పిలవదు, ‘ఇంజనీర్’ అంటుంది. మా మధ్య నడిచేది ఇంగ్లీషే. ఆవిడది రెండు మూడు మాటల్లో తేల్చేసే ఇంగ్లీషు, నాది కడప యాస వదలని ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రిటైరయ్యాక శనివారం పొద్దున గుంతపొంగనాలు వేయడం మా ఇంట్లో నా పని అయింది. ఒకసారి ఒక పళ్లెం పట్టుకెళ్లి ఇస్తే, ఆవిడ తిని, మా వంటింట్లోకి వచ్చి పెనం చూసి పకపకా నవ్వింది. ఇంటికెళ్లి చేటంత మట్టి పెనం ఒకటి ఒడిలో పెట్టుకుని తెచ్చింది. దానికి ఎనిమిది గుంటలు, ఒక్కో గుంటకు బుల్లి మట్టి మూత.

“మాది ఇది. నూనె వద్దు. తిప్పడం వద్దు” అంది.

దాని మీద వేసేదాన్ని బాన్ కాన్ అంటారు. వియత్నాం దక్షిణ తీరంలో ఫాన్ రాంగ్ అనే ఊరు ఆవిడది. ఆ ఊరి పక్కన చామ్ అనే జాతి కుమ్మరి ఆడవాళ్లు చక్రం లేకుండా, పాత్ర చుట్టూ తామే తిరుగుతూ కుండలు చేస్తారట. ఈ పెనమూ అలా చేసిందే. ఆవిడ అమ్మ తెల్లవారకముందే వీధి మలుపులో బొగ్గుల కుంపటి పెట్టుకుని బాన్ కాన్ అమ్మేది. బియ్యం నానబెట్టి, గుప్పెడు చద్దన్నం కలిపి, పలచగా రుబ్బిన పిండి. గుంటల్లో పోసి మూత పెడితే రెండు నిమిషాల్లో అడుగు కరకరలాడుతూ, పైన మెత్తగా ఉడుకుతుంది. గరిటె కొసతో తీసి రెండేసి కలిపి, ఉల్లికాడల నూనె రాసి, పచ్చి మామిడి తురుము, చేపల పులుసునీళ్లతో ఇస్తారు. వాళ్ల నూడుల్స్ చారు ఫో, రొట్టె మధ్య కూరి ఇచ్చే బాన్ మీ ఇక్కడ అందరికీ తెలుసు. దీని పేరు నేను ఆవిడ దగ్గరే మొదట విన్నాను. వాళ్ల కోడలికి కూడా అత్తగారింటికి వచ్చాకే తెలిసిందట. ఆ అమ్మాయి పుట్టింటివాళ్లు ఉత్తర వియత్నాం వాళ్లు. వాళ్ల వీధుల్లో గుడ్డ కట్టిన కుండ మీద ఆవిరితో పలచటి రేకులు తీసి చుట్టి అమ్ముతారు. బాన్ కాన్ వాళ్ల వైపు లేదు.

అమ్మ పోయినప్పుడు అక్కగారు టెక్సాస్‌లో ఉంది. వెళ్లడానికి వీలు కాలేదు. అప్పటి నుంచి ఏటా అమ్మ పోయిన తిథి నాడు పటం ముందు ఎనిమిది బాన్ కాన్‌లు పెడుతుంది. ఒక్క వాయి, ఎనిమిదీ తన చేత్తో పోసినవి. తిథి అంటున్నది మన మాటే గానీ లెక్క వాళ్లదీ చంద్రుడిదే. ఆవిడ గోడ మీది క్యాలెండర్‌లో ఎనిమిదో నెల పంతొమ్మిదో రోజు. నా పంచాంగంలో భాద్రపద బహుళ చవితి. పున్నమి దాటి నాలుగో రోజని ఇద్దరికీ సరిపోయింది.

ఈసారి ఆ రోజు మూడు వారాలు ఉందనగా, పెరట్లో నీళ్ల గొట్టం కాలికి తగిలి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మోచేతి దాకా కట్టు. చూడ్డానికి నేను, నా భార్య వెళ్లేసరికి వంటింటి బల్ల దగ్గర వాదన నడుస్తోంది. కొడుకు యాభై దాటిన పళ్ల డాక్టరు, నెమ్మదైన మనిషి. అమ్మను ‘మా’ అని పిలుస్తాడు.

“మా, ఈ ఇయర్‌కి ఆర్డర్ చేద్దాం. గార్లండ్‌లో మనవాళ్ల షాపులో ట్రేలు ఇస్తారు. నేను పికప్ చేసుకొస్తా.”

“వాళ్లది నాన్‌స్టిక్. రబ్బరు.”

“అమ్మమ్మకి తెలీదులే మా.”

“తెలియకపోతే ఎవరికి పెడుతున్నాం?”

అతను నా వైపు తిరిగాడు. “అంకుల్, మీరన్నా చెప్పండి.”

నేను చెప్పగలిగింది ఒకటే. “మా నాన్న తద్దినానికి ఇంతవరకూ నేను బయటి వంట తేలేదు బాబూ.”

“అంకుల్! మీరు నా సైడ్ అనుకున్నా.”

అక్కగారు ఎడమ చేత్తో నన్ను చూపించింది. “ఇంజనీర్ పోస్తాడు.”

నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. “ఈయనా? ముప్పై ఏళ్లు స్టవ్ ఏ వైపు తిప్పితే వెలుగుతుందో తెలీని మనిషి.” ఆ మాట నాతో తెలుగులో అని, మళ్లీ ఇంగ్లీషులో అందరికీ చెప్పింది.

కోడలు తక్కిన వంటకే ఉదయం నుంచి నిలబడాలి. కొడుక్కి మోకాలు ఆపరేషన్ అయింది, కుంపటి ముందు పీట మీద కూర్చోలేడు. నేను ఇప్పటికీ నేల మీద కూర్చునే అన్నం తింటాను. సరే అన్నాను. మాట ఇచ్చాక ఇక అది చేసి తీరాల్సిన పని.

నాలుగు సాయంత్రాలు వాళ్ల పెరట్లో సాధన చేశాను. పీట మీద నేను, నా వెనక కుర్చీలో ఆవిడ. మొదటి రోజు అలవాటుగా గుంటల్లో నూనె చుక్కలు వేయబోతే నా భుజం మీద విసనకర్రతో ఒకటేసింది. రెండో రోజు తిప్పబోయాను, మళ్లీ ఒకటి. మూడో రోజుకు గడియారం పెట్టి, ఒక్కో గుంటకు ఎన్ని సెకన్లో చిన్న పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. నడిమి గుంటలు నూట పది, అంచువి నూట ముప్పై.

“ఏం రాస్తున్నావు?”

“టైమ్.”

“మూత దగ్గర చెవి పెట్టు. చప్పుడు ఆగుతుంది. అప్పుడు తియ్యి.”

పెట్టాను. బొగ్గుల చిటపటే గానీ నాకు ఇంకేమీ వినిపించలేదు. గడియారమే నమ్ముకున్నాను. నాలుగో రోజు ఎనిమిదింటిలో అయిదు బాగానే వచ్చాయంది.

పిండి సంగతి వేరు. వాళ్ల మిక్సీలో బియ్యం బరకగా ఉండిపోతుందని, మా వెట్ గ్రైండర్‌లో రుబ్బుదామన్నాను. శుక్రవారం మధ్యాహ్నం బియ్యం, చద్దన్నం పట్టుకుని ఆవిడే వచ్చింది. గ్రైండర్ రాళ్లు తిరుగుతుంటే కళ్లార్పకుండా చూసింది. వేళ్ల మధ్య పిండి రాసి చూసి, తల ఊపి, గిన్నె మా దగ్గరే ఉంచి వెళ్తూ చెప్పింది: “ఫ్రిజ్‌లో పెట్టు. రేపు పొద్దున తీసుకురా.”

ఆ మాట డైరీలో ఉంది. శుక్రవారం పుటలో, నా చేతి రాతలోనే.

శనివారం ఏడింటికి వంటింట్లోకి వెళ్తే ఓవెన్ అద్దంలోంచి పసుపు వెలుగు కనిపించింది. లోపల గిన్నె, మూత అంచున నురగ. ఏసీ ఇంట్లో పిండి పులవదని, ఓవెన్‌లో లైటు వేసి పెట్టడం ఈ దేశంలో మా ఇళ్లన్నిటా ఉన్నదే. ఎన్ని వందల శుక్రవారాలు అలా పెట్టానో. గిన్నె చేతిలో ఉండగానే కాళ్లు ఓవెన్ వైపే నడిచి ఉంటాయి.

నా భార్య వచ్చి మూత తీసి వాసన చూసింది. “ఏమండీ, ఫ్రిజ్‌లో పెట్టమని ఆమె చెప్పినా లైట్ వేసినారా?”

“వేసినా.”

“రాసుకున్నారు కదా!”

“రాసుకున్నా.”

“ఊతప్పం వేయొచ్చు, ఇంక దేనికీ పనికి రాదు. ఏం చెప్తారు ఆమెకు?”

“జరిగింది చెప్తా.”

గిన్నె పట్టుకుని వెళ్లాను. ఆవిడ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. గిన్నె పక్కకు జరిపింది. కొడుకు వెంటనే ఫోన్ తీశాడు.

“మా, షాపు వాళ్లు పదింటి దాకా ఆర్డర్స్ తీసుకుంటారు. నౌ ఆర్ నెవర్.”

“ఫోన్ లోపల పెట్టు” అంది. తర్వాత నన్ను అడిగింది: “ఇప్పుడు ఎంతయింది?”

“ఏడూ నలభై.”

“బియ్యం నాలుగు గంటలు. రుబ్బడం ఒక గంట. పిండి మూడు గంటలు కదలకూడదు. అయిదింటికి అమ్మకి పెట్టాలి.”

కాగితం మీద వేసి చూశాను. మూడూ నలభైకి పిండి సిద్ధం. కుంపటి కాలి, మొదటి వాయిలు పోవడానికి గంటకు పైనే ఉంది. సరిపోతుంది, ఎక్కడా జారకపోతే. “చేద్దాం” అన్నాను.

పదకొండూ నలభైకి బియ్యం పలుకు ఇంకా గట్టిగా ఉంది. ఆవిడ కొరికి చూసి, ఇంకో గంట అంది. అక్కడే జారింది. పిండికి మూడు గంటలు దొరకలేదు, రెండే దొరికాయి. ఓవెన్ పనికి వచ్చిన శిక్ష ఇదని తెలుస్తూనే ఉంది, కానీ దాని గురించి కూర్చుని బాధపడే తీరిక లేదు. గ్రైండర్ ఆగగానే గిన్నెను చేతుల్లో పట్టుకుని వాళ్ల ఫ్రిజ్‌లో నేనే పెట్టాను. కోడలు తలుపు వేసి, నవ్వి, “అంకుల్, సాక్షి నేనే” అంది.

మూడూ ముప్పావుకి కుంపటి ముందు కూర్చున్నాను. మొదటి వాయి మొత్తం గుంటలకు అతుక్కుంది. గోకి, తుడిచి, మళ్లీ పోశాను. రెండో వాయి అంచులు మాడాయి. దక్షిణపు గాలికి ఒక పక్క బొగ్గులు ఎర్రగా, మరో పక్క బూడిద. కొడుకు కుర్చీలు అడ్డం పెట్టాడు. నా భార్య ఒక దుప్పటి తెచ్చి వాటి మీద కప్పింది. నాలుగో వాయికి ఆవిడ లేచి నిలబడింది, మూతలు తీస్తున్న నా చేతిని చూస్తూ. అయిదో వాయి అయిదింటికి అయిదు నిమిషాలు ఉండగా వచ్చింది. తెల్లగా, గుండ్రంగా, చూడ్డానికి బాగున్నాయి. అప్పటికే రెండు కార్లు వాకిట్లో ఆగాయి.

“ఇవి పెట్టేద్దాం మా, అందరూ వచ్చేస్తున్నారు” అన్నాడు కొడుకు.

ఆవిడ పళ్లెం వైపు ఒక క్షణం చూసింది. తల ఊపింది. ఎనిమిదీ పటం ముందుకు వెళ్లాయి, అగరొత్తులు వెలిగాయి. ఆ తర్వాత రెండు గంటలు నేను పోస్తూనే ఉన్నాను. పద్నాలుగు మందీ నిలబడే తిన్నారు. మా ఇద్దరికీ చేపల నీళ్లు లేకుండా నిమ్మరసం, మిరపకాయలతో విడిగా ఒక గిన్నె పెట్టింది కోడలు. గడ్డం ఉన్న ఒక పెద్దాయన నా వీపు తట్టి, మీ నాన్నది ఏ ఊరు అని అడిగాడు. కడప దగ్గర అన్నాను. అది వియత్నాంలో ఎక్కడుందో తనకు తెలియదన్నాడు. అందరూ నవ్వారు. అక్కగారు నవ్వింది గానీ తినలేదు. పటం ముందు నుంచి తీసిన పళ్లెంలో ఒక బాన్ కాన్‌ను ఎడమ చేత్తో, వాళ్లు తినే చాప్‌స్టిక్ పుల్లలతో తిప్పి, అడుగు చూసి, పక్కన పెట్టడం చూశాను. నాకు రెండు చేతులూ జోడించి థాంక్యూ చెప్పింది. ఇంటికి వచ్చి పుట చివర ‘పని పూర్తయింది’ అని రాశాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు తలుపు చప్పుడైంది. ఆవిడే. కట్టు ఉన్న చేయి గుండెకు ఆనించుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా నిలబడి ఉంది.

“నిన్నటివి అడుగు మెత్తగా ఉన్నాయి” అంది. “అలాంటివి మా అమ్మ అమ్మేది కాదు. మాకు పెట్టేసేది. అమ్మకి అవి పెట్టాను నేను.”

నిన్ననే చెప్పి ఉండొచ్చు కదా అనబోయి, ఆ పద్నాలుగు మంది ఆకలి మొహాలు గుర్తొచ్చి ఊరుకున్నాను. “తిథి దాటిపోయింది కదా, పరవాలేదా?”

“అమ్మ ఎక్కడికి పోతుంది? రా. ఫ్రిజ్‌లో నిన్నటి పిండి ఉంది.”

చెప్పులు వేసుకుని వెళ్లాను. గడియారం తీసుకోలేదు. కొడుకు పడుకున్న బట్టల్తోనే బయటికి వచ్చి, మోకాలు చాపుకుని కుర్చీలో కూర్చుని బొగ్గులు విసరడం మొదలుపెట్టాడు. గాలి లేదు, ఎవరూ రావాల్సింది లేదు. మొదటి వాయి ఆవిడ చూడకుండానే పక్కకు నెట్టించింది. రెండో వాయికి మూత మీదికి వంగి చెవి పెట్టాను. సన్నగా సుయ్‌మంటున్న చప్పుడు ఉంది. అది పలచబడింది. తర్వాత లేదు. తీశాను. ఆవిడ ఒకటి విరిచింది. అడుగు పటుక్కుమంది. నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, “ఇంకో వాయి. ఇలాగే” అంది.

మూడో వాయి ఎనిమిదీ తనే ఎడమ చేత్తో ఒక్కొక్కటిగా పళ్లెంలో సర్దుకుంది. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పటం ముందు పెట్టి, అగరొత్తి వెలిగించి, చాలాసేపు వాళ్ల భాషలో మాట్లాడింది. గొంతు కొంచెం గద్దింపుగానే ఉంది.

“ఏమంటోంది?” అని కొడుకుని మెల్లగా అడిగాను.

“ఒక రోజు లేటయింది, ఏమనుకోకు అంటోంది. చల్లారకముందే తినమంటోంది.”

అగరొత్తి మొత్తం కాలేదాకా ముగ్గురం నిలబడే ఉన్నాం.